కల్పిత మృగమిత్రులు: చూచుట, ఊహించుట, గీయుట

విద్యార్థులారా,

మీ నోటుపుస్తకముల అంచులలో మీరు గీయు బొమ్మలు మా కంటబడుచునే యున్నవి. లెక్క ప్రక్కన ఱెక్కలుగల పిల్లి, చరిత్ర ప్రశ్న క్రింద గొడుగు పట్టిన కప్ప, భూగోళ పటమున సముద్రములోనుండి మూతి పైకెత్తిన పేరులేని జంతువు – ఇట్టివి ప్రతి తరగతిలోను కనబడును. పెద్దలు కొందఱు వీనిని చూచి, కాలము వ్యర్థమగుచున్నదందురు. లేని జంతువును ఉన్నదనుట అసత్యమునకు అలవాటు చేయునని మఱికొందఱు భయపడుదురు. ఈ రెండు ఆక్షేపణలును ఆలోచింపదగినవే కనుక వానిని త్రోసివేయక, ఈ పాఠములో వానికి సమాధానము చెప్ప ప్రయత్నింతుము. కల్పిత జంతువును చక్కగా గీయదలచినవాడు నిజమైన జంతువును మిక్కిలి శ్రద్ధతో చూడవలసియుండుననియు, అట్లు చూచుట యెన్నటికిని వ్యర్థము కాదనియు మా అభిప్రాయము.

1. అసత్యమా, ఆటయా?

ఎదుటివానిని మోసగింపవలెనను తలంపుతో లేనిదానిని ఉన్నట్లు చెప్పుట అసత్యము. చీపురుకట్టను గుఱ్ఱమని యెక్కి వాకిట పరుగెత్తు పసివాడు ఎవరిని మోసగించుచున్నాడు? గుఱ్ఱమునకు మేత వేయుమని మనము చెప్పినచో, వాడు నవ్వుచు నాలుగు ఆకులు తెచ్చి దానిముందు పోయును. కాని చీపురు ఆ ఆకులను నిజముగా తినునని వాడు నమ్మడు. అమెరికా దేశమున ఓరెగాన్ విశ్వవిద్యాలయములో బాలల మనస్తత్త్వమును పరిశోధించిన మార్జొరీ టేలర్ అను పండితురాలు 1999లో ఈ విషయమును గూర్చియే యొక గ్రంథమును ప్రకటించెను. కల్పిత మిత్రులతో మాటలాడు పిల్లలు, ఆ మిత్రులు నిజముగా లేరని సాధారణముగా ఎఱిగియే యుందురనియు, అట్టి ఆట బుద్ధిలోపమునకు గుర్తు కాదనియు ఆమె తెలిపెను.

మన భాషలో చదువు నేర్చినవారికి మృగమిత్రులు క్రొత్తవారు కారు. పరవస్తు చిన్నయసూరి గారి నీతిచంద్రిక 1853లో వెలువడెను. అందలి మిత్రలాభమున కాకి, ఎలుక, తాబేలు, లేడి యొకదానితో నొకటి స్నేహము చేయును. అవి మాటలాడుట కల్పనయే. అయినను వాని చేతలను గమనింపుడు. ఎలుక వలత్రాళ్ళను కొఱుకును. కాకి యెత్తున నెగిరి దూరమున జరుగుదానిని కనిపెట్టును. లేడి పరుగెత్తి తప్పించుకొనును. వేగముగా నడువలేని తాబేలు వేటగానికి చిక్కును. ప్రతిదియు తన శరీరము చేయగల పనినే చేసెను. కాకి త్రాడు కొఱికి, తాబేలు పరుగెత్తి తప్పించుకొన్నదని వ్రాసినచో ఆ కథను ఎవరును నమ్మరు. అందుచేత కల్పనలో సయితము సత్యమునకు చోటు కలదని గ్రహింపవలెను.

2. మన ప్రాంతపు గోడలు, వీణలు, ఉత్సవములు

లోకములో లేని మృగములను చూచుటకు మనము దూరదేశములకు పోనక్కఱలేదు. బొబ్బిలికి సమీపమున గొల్లపల్లిలో వీణలు చేయువారు కలరు. పనసమ్రాను దుంగనుండి వీణను తొలిచి, దాని కొనయందు యాళి తలను చెక్కుదురు. యాళి యనునది సింహపు ముఖముగల కల్పిత మృగము. దానిని అడవిలో చూచినవా డెవడును లేడు. అయినను ఉబికిన కన్నులు, తెఱచిన నోరు, కోఱలు – వీనిలో మన మెఱుగని అవయవ మొక్కటియు లేదు.

విజయనగరమున విజయదశమి తరువాతి మంగళవారమునాడు జరుగు పైడితల్లి సిరిమానోత్సవములో సిరిమానుకు ముందుగా తెల్ల ఏనుగు రూపము ఊరేగును. మన వీధులలో తెల్ల ఏనుగు తిరుగదు. అయినను ఆ రూపమును చూడగానే చంకలోని బిడ్డయు ఏనుగని గుర్తించును. రంగు మాఱినను ఆకారము మాఱలేదు గదా.

ఇచ్ఛాపురము దాటినచో ఒరియా దేశము. అచ్చట 15వ శతాబ్దమున సరళాదాసు కవి రచించిన మహాభారతములో నవగుంజరమను మృగము కలదు. దానికి కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురము, సింహము నడుము, తోకకు మాఱుగా పాము; కాళ్ళలో నొకటి ఏనుగుది, ఒకటి పులిది, ఒకటి జింకది లేక గుఱ్ఱముది; నాలుగవది మనుష్యుని చేయి. తొమ్మిది ప్రాణులను ఒక్క దేహమున ఇమిడ్చిన ఈ రూపమును ఒరియా చిత్రకారులు పటములపైనను, గుండ్రని ఆటకాగితములపైనను నేటికిని వ్రాయుచున్నారు.

ఇక పడమటి కొండలలోని సవరల గోడచిత్రములు. ఒకప్పుడు శ్రీకాకుళము జిల్లాలో నుండి, 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట కొండలయందును, వాని కావలి ఒరియా సీమయందును సవరలు నివసింతురు. వెరియర్ ఎల్విన్ అను పండితుడు ఒరియా సీమలోని సవరల నడుమ నుండి పరిశీలించి 1955లో వారి మతమును గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. ఎఱ్ఱమట్టి పూసిన గోడపై బియ్యపుపిండి నీటితో, కొన నలిపిన పుల్లయే కుంచెగా, ఈ చిత్రములు వ్రాయబడును. మృతులను గౌరవించుటకును, రోగము తొలగుటకును, పంట పండుటకును వారు వీనిని వ్రాయుదురు. చిత్రకారునికి కొన్ని రూపములు స్వప్నములో తెలియునని వారి విశ్వాసము. ఇవి ఆటబొమ్మలు కావు. ఒక జనము యొక్క ఆరాధనలో భాగము. ఆ విశ్వాసము మనది కాకపోయినను, పరుల పూజాస్థలమున ఎట్లు మెలగుదుమో అట్లే గౌరవముతో వానిని చూడవలెను.

ఈ చిత్రములలో ఏనుగులు, గుఱ్ఱములు, కోతులు, సూర్యచంద్రులు ఉండుటయే గాక, ఎల్విన్ కాలము నాటికే రైలుబండియు, సైకిలును, విమానమును గూడ చేరినవి. సవర చిత్రకారుడు తాను చూచినదానిని విడువలేదు. కొండపైనుండి కనబడిన విమానమైనను, దిగువ సంతకు పోయినపుడు ఎదురైన సైకిలైనను అతని గోడపై చోటు సంపాదించుకొన్నది. నేడు మట్టిగోడలకు మాఱుగా సిమెంటు గోడలు లేచుచున్నవి. గోడ మాఱినచో దానిపై గీయు చేయియు మఱచిపోవు ప్రమాద మున్నది. కనుక కొండయూళ్ళనుండి వచ్చిన విద్యార్థులు తమ తాతలు గీసిన గీతలను ఎఱిగియుండుట వారికే గాక మనకందఱకును లాభము.

3. చిత్రకారుల సూత్రము

ఇటలీ దేశపు చిత్రకారుడు లియొనార్డో డావిన్సీ (1452–1519) కల్పిత జంతువు సహజముగా కనబడుటకు ఒక సూత్రము చెప్పెను. ఎట్టి జంతువైనను, దాని ప్రతి అవయవమును మన మెఱిగిన ఏదో యొక జంతువు అవయవమును పోలియుండవలెనట. ఱెక్కలపాము వంటి భయంకర మృగము కావలసినచో వేటకుక్క తల, పిల్లి కన్నులు, ముళ్ళపంది చెవులు, సింహపు కనుబొమలు, ముసలి కోడిపుంజు కణతలు, తాబేటి మెడ తీసికొమ్మని అతడు బోధించెను. వసారి అను గ్రంథకర్త 1550లో ప్రకటించిన చిత్రకారుల చరిత్రములో ఒక కథ కలదు. లియొనార్డో యువకుడుగా నున్నపుడు ఒక డాలుపై భయంకర మృగమును వ్రాయదలచి, బల్లులు, కీచురాళ్ళు, పాములు, మిడుతలు, గబ్బిలములు మొదలైనవానిని తన గదిలో చేర్చి చూచుచు గీసెనట. చచ్చిన జంతువుల దుర్గంధము గది నిండినను అతడు పనిలో మునిగి గమనింపలేదట. ఈ కథలో అతిశయోక్తి యుండవచ్చును. మీరు ప్రాణులను చంపి తేనక్కఱలేదు. గోడపై బల్లి యున్నచోటనే దానిని చూడవచ్చును. కాని ఊహకొఱకు అతడు మొదట వెదకినది నిజమైన ప్రాణులనే యని మఱువరాదు.

పరిశుద్ధ గ్రంథమును చదువువారికి యెహెజ్కేలు ప్రవక్త చూచిన జీవులు జ్ఞాపకమునకు వచ్చును. అది కల్పన కాదు, దర్శనము. అయినను ఆ దర్శనమును మనుష్యులకు తెలుపుటకు ప్రవక్త మనుష్యుడు, సింహము, ఎద్దు, పక్షిరాజు అను మన మెఱిగిన ముఖములనే పేర్కొనెను.

చూడక గీసినచో నేమగును? 1515లో గుజరాతు సుల్తాను పంపిన ఖడ్గమృగ మొకటి ఓడపై పోర్చుగల్ దేశమునకు చేరెను. జర్మనీలోని ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అను గొప్ప చిత్రకారుడు దానిని కన్నులార చూడలేదు. ఎవరో పంపిన వ్రాతను, చిన్న చిత్రమును ఆధారము చేసికొని గీసెను. ఆ బొమ్మ బహు సుందరము. కాని చర్మపు మడతలు ఇనుప కవచపు రేకులవలె తోచును, మెడ వెనుక లేని చిన్నకొమ్మొకటి మొలచెను. అచ్చుపడిన ఆ బొమ్మను చూచి చూచి రెండు వందల సంవత్సరములకు పైగా యూరోపు జనులు ఖడ్గమృగము అట్లే యుండునని నమ్మిరి. నేడు ఫోనులో కనబడు బొమ్మను చూచి బొమ్మ గీయు విద్యార్థి ఈ కథను గుర్తుంచుకొనవలెను. ఒకరి పొరపాటు మఱియొకరి చేతిమీదుగా ఎంత దూరమైనను పోవును.

ఇక గీత తప్పినదని కాగితమును చింపివేయు తొందరపాటు మీలో ననేకులకు కలదు. రవీంద్రనాథ ఠాకూరు తన చిత్తుప్రతులలో కొట్టివేసిన మాటలను అట్లే విడువక, ఆ కొట్టివేతలను ఒకదానితో నొకటి కలిపి వింత పక్షులుగా, మృగములుగా మార్చుచుండెను. ఆ యలవాటే ముదిరి అతనిని చిత్రకారుని చేసెను. 1930 మే నెలలో అతని చిత్రములు పారిస్ నగరమున ప్రదర్శింపబడినవి. అప్పటికి అతని వయస్సు దాదాపు 69 సంవత్సరములు.

4. తాబేలుగుబంటిని గీయుట

వంగదేశమున సుకుమార్ రాయ్ అను కవి 1923లో వెలువడిన తన బాలగేయముల పుస్తకములో బాతు పేరును, ముళ్ళపంది పేరును అతికి ఒకే జంతువును చేసి, దాని బొమ్మను తానే గీసెను. మనమును మన మాటలతో అట్లే చేయుదము. తాబేలు, ఎలుగుబంటి – ఈ రెండును కలిపినచో తాబేలుగుబంటి యగును. పేరు కుదిరినది, ఇక దేహము కుదురవలెను.

మొదట తాబేటిని చూడవలెను. శ్రీకూర్మ క్షేత్రమునకు పోయినవారు ఆవరణలో నక్షత్రపు తాబేళ్ళను చూచియుందురు. నల్లని డిప్పపై పసుపుపచ్చని గీతలు ఒక్కొక్క గుబ్బనుండి కిరణములవలె వ్యాపించును. ఆ డిప్ప చొక్కావలె విడిచి తొడుగుకొనునది కాదు. వెన్నెముకయు, ప్రక్కటెముకలును దానితో కలిసి పెరిగినవి. కనుక మన జంతువు డిప్పను ప్రక్కన పెట్టి స్నానమునకు పోవుట తగదు.

పిదప ఎలుగుబంటిని తెలిసికొనవలెను. దానికి నల్లని చింపిరి వెండ్రుకలు, ఱొమ్ముపై తెల్లని గుర్తు, పొడవైన వంకర గోళ్ళు. ఆ గోళ్ళతో పుట్టను త్రవ్వి, మూతిని చొప్పించి చెదలను పీల్చును. పై పలువరుసలో ముందరి పండ్లు రెండు లేకుండుట ఆ పీల్చుటకు అనుకూలము. తల్లి యెలుగు తన పిల్లలను వీపుపై మోసికొనిపోవును.

ఇప్పుడు రెండింటిని కలుపుదము. డిప్పపై వెండ్రుకలు మొలవవు. మెడపైనను కాళ్ళపైనను మాత్రమే గీయుడు. పుట్ట త్రవ్వవలెను గనుక ముందుకాళ్ళ గోళ్ళు పొడవుగా నుండవలెను. పిల్ల తల్లి వీపుపై కూర్చుండునపుడు వెండ్రుకలను పట్టుకొను వీలులేదు, డిప్ప నున్నగా నుండును. మఱి యెట్లు జారిపడకుండును? ఈ ప్రశ్నకు సమాధానము మీరే కనిపెట్టవలెను. ఒక బాలిక డిప్ప గుబ్బలను మెట్లవలె ఎత్తుగా గీసి, పిల్లకు కాళ్ళు ఆనించుకొను చోటు కల్పించినది. మేము బల్లపై గీసిన బొమ్మకంటె అది మేలుగా నుండెను.

జంతువు ఎంత పెద్దదో కూడ నిర్ణయింపవలెను. గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథమున ఒక ముఖ్య విషయము తెలిపెను. ఒక జంతువును అదే రూపముతో పొడవున రెండింతలు చేసినచో, వెడల్పును ఎత్తును గూడ రెండింతలగును, బరువు ఎనిమిదింతలగును. కాని కాలి యెముక అడ్డుకోత నాలుగింతలు మాత్రమే పెరుగును. అందుచేత పెద్ద జంతువునకు కాళ్ళు అంతకంటె లావుగా నుండవలెను. ఏనుగు కాళ్ళు స్తంభములవలె నుండుటకును, చీమ కాళ్ళు దారమువలె నుండుటకును ఇది యొక కారణము. మీ తాబేలుగుబంటి పిడికెడైనచో సన్నని కాళ్ళు చాలును. ఇల్లంత యైనచో తాటిమ్రాకుల వంటి కాళ్ళు కావలెను.

నిత్యము చూచు వస్తువులనుండియు ఊహ పుట్టును. ఉద్దానపు కొబ్బరికాయను పీచు ఒలిచి చూడుడు. మూడు కన్నులతో నొక కోతిముఖము మనవైపు చూచును. పలాస జీడిపండును తలక్రిందుగా పట్టినచో వంకర ముక్కుగల పక్షి యగును. వర్షకాలమున గోడపై చెమ్మ మఱకలలో కొండలు, యుద్ధములు, ముఖములు చూడవచ్చునని లియొనార్డోయే చెప్పియున్నాడు.

5. స్నేహమును, జాగ్రత్తయును

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలెను. మన కాగితముపైని ఎలుగు మన మిత్రము. ఉద్దానపు జీడితోటలలోనికి వచ్చు ఎలుగు అట్టిది కాదు. ఆ ప్రాంతములలో ఎలుగుబంట్ల వలన మనుష్యులు గాయపడుటయు, ప్రాణములు పోవుటయు జరిగినది. తెల్లవారుజామున తోటకు పోవువారు ఒంటరిగా పోరాదు; ఎలుగు కనబడినచో దగ్గఱకు పోరాదు, ఱాళ్ళు రువ్వరాదు. పిల్లలున్న తల్లియెలుగు మఱింత ప్రమాదకరము. అట్లే నక్షత్రపు తాబేలు ముద్దుగా నున్నదని ఇంటికి తెచ్చుకొనుట తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. కాగితముపై మిత్రుని గీసికొన్నవానికి నిజమైన మృగమును దాని చోట దానిని విడిచిపెట్టుట సులభము కావలెను. నిజమును, కల్పనను వేఱుచేసి చూడగల బుద్ధియే ఈ పాఠమునకు ప్రాణము.

ఇక కల్పిత మిత్రులు చేయు మేలు. కొన్ని సంవత్సరముల క్రిందట కొండయూరినుండి ఒక సవర బాలుడు మా వసతిగృహమునకు వచ్చెను. తెలుగు అంతగా రాదు. వచ్చినదియు పలుకుటకు సిగ్గు. మొదటి నెల అతడు ఎవరితోను కలియలేదు. చిత్రలేఖనపు గంటలో పులి చారలును, నెమలి తోకయుగల గుఱ్ఱము నొకదానిని గీసెను. ప్రక్కనున్న బాలుడు అది యేమని యడుగగా, చారలను చూపి తన భాషలో ‘కినా’ అనెను. కినా యనగా పులి. ఆ దినము తరగతి యంతయు ఆ మాట నేర్చుకొనెను. తోకకేమందురు, చెవికేమందురు అని పిల్లలు గుమిగూడి యడుగసాగిరి. అతడు చెప్పుచు వారి మాటలను తాను నేర్చుకొనెను. ఆ సంవత్సరాంతమునకు అతనికి మిత్రులు అనేకులైరి. ఆ గుఱ్ఱమును గీయుట మానివేసెను. దాని పని ముగిసినదని మేము తలంచితిమి.

ఇట్లు శిష్యుని భాషను గురువు నేర్చుకొనుటకు మన ప్రాంతమున గొప్ప మేల్బంతి కలదు. శ్రీముఖలింగ సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి సవరభాష నేర్చిరి. సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. 1931లో ఆ భాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి.

ఇంగ్లండు దేశమున బియాట్రిక్స్ పాటర్ అను వనిత 1893 సెప్టెంబరులో జబ్బుపడిన చిన్న బాలునికి ఉత్తరము వ్రాయుచు, వార్తలేమియు తోచక, ఒక కుందేలు కథను బొమ్మలతో వ్రాసి పంపెను. ఆమె కుందేళ్ళను పెంచి, వాని కదలికలను చిరకాలము చూచి గీసినది. ఆ ఉత్తరమే 1902లో పుస్తకమై లోకమంతట పిల్లలకు ప్రియమైనది. మీ వీధిలోను, మీ వార్డులోను జబ్బుపడినవా రుందురు. ఒక పోస్టుకార్డు, ఒక పెన్సిలు ఉన్నచో మీరును ఆ పని చేయగలరు.

అభ్యాసములు

(1) మీ యింటి దగ్గఱనున్న ఒక జంతువును పది నిమిషములు కదలక చూచి, దాని కాళ్ళు ఏ క్రమమున కదలునో వ్రాయుడు, పిదప గీయుడు.

(2) రెండు జంతువుల పేళ్ళు అతికి క్రొత్త పేరు చేయుడు. మచ్చునకు: కాకి, కుందేలు – కాకుందేలు. అది యేమి తినును, ఎచ్చట నిద్రించును, ఎవరికి భయపడును? ప్రతి సమాధానమునకు నిజమైన జంతువునుండి కారణము చూపుడు.

(3) మీరు కొట్టివేసిన ఒక తప్పుగీతను చింపక, దానినే జంతువుగా మార్చుడు.

(4) ఆ బొమ్మను, మీ తరగతిలో మీరింతవఱకు పలుకరింపని యొకరికి ఇచ్చి, దానికి పేరు పెట్టుమని యడుగుడు.